ఉదుకు పొడి: దాని యెన్నికయు, కొలతయు

వార్షిక మహాసభయందలి ఉపన్యాస పాఠము



నిన్నటినుండియు ఈ సభామండపమున విద్యాభివృద్ధిని గూర్చియు, విద్యార్థి వసతిగృహమును గూర్చియు, సహకార సంఘములను గూర్చియు పెద్దలు ప్రసంగించిరి. కార్యవర్గమువారు మాకు నిర్ణయించిన విషయము వానితో పోల్చిన మిక్కిలి చిన్నది. బట్టలుదుకు పొడిని ఎట్లెన్నుకొనవలెను, ఎంత వేయవలెను, సున్నితమైన చర్మము గలవారి బట్టల యెడ ఎట్టి జాగ్రత్త వహింపవలెను అనునదియే మా విషయము. "చాకలివానికి ఉదుకుట నేర్పుటయా?" యని వెనుక వరుసలో ఒక పెద్దాయన నవ్విరి. ఆ నవ్వు న్యాయమైనదే. తాతముత్తాతల నాటినుండియు మనము రేవున నిలిచినవారము. కాని ఆ రేవు నేడు మనలో ఎందఱికి మిగిలియున్నది?

రేవున పని యెట్లుండెడిదో జ్ఞప్తికి తెచ్చుకొనుడు. చవుడు మట్టిలో బట్టలను తడిపి, బానమీద ఉబ్బవేసి, బండమీద బాది, పాఱు నీటిలో జాడించెడివారము. చవుటియందున్నది సోడాక్షారమే, అది చర్మమునకు మెత్తనిది కాదు. అయినను చవుడు ఎంత యెక్కువైనను దానిని ఏఱే కొనిపోయెడిది. మనము కొలిచి వేయనక్కఱ లేకపోయెను. ఇప్పుడు ఏఱు లేదు. బక్కెట్టు ఉన్నది, ట్యాంకరు నీరున్నది, యంత్రమున్నది. ఏటి యొడ్డున అలవడిన పిడికిలి మాత్రము బక్కెట్టు దగ్గఱకును మనతోనే వచ్చినది. మేము చెప్పదలచిన దంతయు ఈ యొక్క మాటలోనే యున్నది.

మా దుకాణమున జరిగిన యొక సంగతిని దాపరికము లేక విన్నవింతుము. తరములనుండి మాకు బట్టలు వేయుచున్న యొక యింటివారు ఒకనాడు తమ మనుమని చొక్కాలను తెచ్చి, "మీ యొద్దనుండి వచ్చిన బట్ట తొడిగినపుడెల్ల పిల్లవాని మెడయు, చంకలును ఎఱ్ఱబాఱుచున్నవి" అనిరి. మాకు కోపము వచ్చినది. పిల్లవాడు తిన్నదేమో, ఇంట దోమల మందేమో యని సాకులు వెదకితిమి. తరువాత సిగ్గుపడి, ఉదికి ఇస్త్రీ చేసిన ఆ చొక్కాలలో నొకదానిని శుభ్రమైన గోరువెచ్చని నీటిలో ముంచి చేతితో కలియబెట్టితిమి. పొడి యొక రవ్వయైనను వేయని ఆ నీటిపై నురుగు లేచినది! ఆ రాత్రి మా యింటి బట్టలను గూడ అట్లే ముంచి చూచితిమి. వానిలోను నురుగే. మఱునాడు కిరాణా త్రాసుపై మా పిడికిలిని తూచగా 45 గ్రాములు తూగినది. బక్కెట్టునకు రెండేసి పిడికిళ్ళు వేయుచుంటిమి. ఈ నీటి పరీక్షను మీరును మీ యిండ్లలో చేసి చూడుడు, కానిఖర్చు లేదు.

ఇందలి లెక్క పెద్దది కాదు. 10 లీటర్ల నీటిలో 30 గ్రాముల పొడి కలిపి 2 కిలోల బట్టలుదికితి మనుకొందము. గట్టిగా పిండిన నూలుబట్ట ఇంచుమించు తన బరువంత నీటిని పట్టియుంచును. అనగా 2 లీటర్ల నీరును, దానితో 6 గ్రాముల పొడియును బట్టలోనే నిలిచినవి. వానిని 10 లీటర్ల మంచినీటిలో జాడించి మరల పిండినచో ఆఱవవంతు, అనగా 1 గ్రాము మిగులును. రెండవ జాడింపునకు గ్రాములో ఆఱవవంతు, మూడవదానికి గ్రాములో ముప్పదియాఱవ వంతు. మా పాత పద్ధతిని 90 గ్రాములు వేసినచో ప్రతిమెట్టునను దీనికి మూడింతలు మిగులును. ఒక్కసారి మాత్రమే జాడించి ఆఱవేసిన బట్టలో 3 గ్రాముల పొడి కూర్చుండును. పొడిలోని కొన్ని దినుసులు నూలుపోగునకు అంటుకొని నిలుచును గావున నిజమైన శేషము ఈ లెక్కకంటె ఎక్కువే గాని తక్కువ గాదు.

ఇంకొక విశేషము. ఆ 30 లీటర్ల నీటిని ఒక్కసారిగా పెద్ద గంగాళమున పోసి జాడించినచో మిగులునది గ్రాములో మూడవవంతుకంటె హెచ్చు. అదే నీటిని మూడు భాగములుగా జేసి, నడుమ నడుమ పిండుచు జాడించినచో దానికి పదమూడవవంతు మాత్రమే మిగులును. నీరు కొనుక్కొను దినములలో ఈ లెక్క మన యింటి ఆడువారికి ముఖ్యముగ తెలియవలెను. పిండకుండ నీరోడుచున్న బట్టను ఒక బక్కెట్టునుండి వేఱొక బక్కెట్టునకు మార్చుట జాడింపు గాదు, మురికినీటిని మోసికొనిపోవుట.

ఇక పొడి సంగతి. సబ్బు అనునది నూనెయును క్షారమును కలిసి యేర్పడినది. 1907లో జర్మనీదేశమున హెంకెల్ కంపెనీవారు పెర్సిల్ అను పొడిని వెలువరించిరి; 1946లో అమెరికాలో టైడ్ అను కృత్రిమ ఉదుకు పొడి వెలువడినది. మన దేశమున 1959లో సర్ఫు వచ్చినది. 1969లో గుజరాతు వాసియగు కర్సన్‌భాయి పటేలుగారు నిర్మా పొడిని స్వయముగ తయారుచేసి యింటింటికి అమ్ముట ప్రారంభించిరి; అప్పటినుండి పొడి పేదల గుడిసెలకును చేరినది. పేరేదైనను డబ్బాలోని ముఖ్యమైన సరకు కొంచెము హెచ్చుతగ్గులుగా ఒక్కటే: జిడ్డును విడదీయు కృత్రిమ ద్రవ్యము, నీటిని మెత్తబఱచు సోడా మొదలగునవి, ఖరీదైన వానిలో ఎంజైములు, తెలుపు కనబఱచు రంగుపదార్థము, పరిమళము. ఈ తెలుపు పదార్థము మురికిని తీయదు. ఎండలోని కంటికి కనబడని కిరణములను గ్రహించి నీలపు వెలుగుగా మార్చును. మన నీలిమందు చేయు పనికి అది దూరపు చుట్టము. నురుగు సంగతియు నట్టిదే. నురుగు హెచ్చినంత మాత్రమున మురికి హెచ్చుగా పోదు. నురుగు హెచ్చిన జాడింపు కష్టమగును.

కొలతకు ముందు నీటిని ఎఱుగవలెను. సున్నము, మెగ్నీషియము కరిగియున్న నీటిలో సబ్బు విఱిగి పెరుగు తరకలవలె తేలును. భారత ప్రమాణముల ప్రకారము త్రాగునీటి కాఠిన్యము లీటరునకు 200 మిల్లీగ్రాములు వఱకు ఒప్పదగినది; వేఱు నీరు లేనిచోట 600 వఱకు అనుమతింతురు. 200 గల నీరు 10 లీటర్లు ఉన్నచో, ఒక చొక్కా కాలరైనను తెల్లబడక పూర్వమే ఇంచుమించు 12 గ్రాముల సబ్బు వ్యర్థముగ విఱిగిపోవును. 600 గల బోరునీటియందు దానికి మూడింతలు. డిటర్జెంటు పొడి ఇంతగా నష్టపడదు గాని, అదియు గట్టి నీటిలో కొంత బలము కోల్పోవును. మీ నీరెట్టిదో తెలియవలెనన్న, గాజుసీసాలో సగము నీరు పోసి, ఒంటిసబ్బు తురుము చిటికెడు వేసి కుదుపుడు. నురుగు నిలిచిన మెత్తని నీరు. తెల్లని తరకలు కట్టిన గట్టి నీరు. ఈ పరీక్షకు ఉదుకు పొడి పనికిరాదు, మోసపుచ్చును.

మేము ఇప్పుడు పాటించుచున్న కొలత ఇది. సమముగా గీసిన పెద్ద చెంచాకు పొడి ఇంచుమించు 10 గ్రాములు పట్టును. ఒక్కొక్క పొడి దట్టము వేఱు గావున మీ పొడిని ఒకసారి తూచుకొనుడు. 10 లీటర్ల నీటికి, 2 కిలోల బట్టలకు, చెమట మాత్రమే పట్టినవైన రెండు చెంచాలు. పొలము మట్టి, వంటయింటి జిడ్డు గలవైన మూడు. నీరు గట్టిదైన ఇంకొక్కటి. పొట్లముపై కంపెనీవారు వేఱుగా వ్రాసినచో దానినే అనుసరింపుడు, వారి పొడి బలము వారికి తెలియును. మురికి పోని కాలరునకు పొడి రెట్టింపు చేయుట తప్పు. ఆ కాలరునకు మాత్రము సబ్బు రాచి, అరగంట నాననిచ్చి, పిదప తక్కినవానితో కలుపుడు. ఒక్క మఱక కొఱకు బక్కెట్టంతయు దండన అనుభవింప నేల?

యంత్రమున్నవారికి రెండు మాటలు. ముందు తలుపు గల యంత్రమునకు నురుగు తక్కువగా వచ్చు పొడిని వేయవలెను. చేతి ఉదుకునకైన పొడిని వేసినచో లోపల నురుగు పఱుపువలె నేర్పడి, బట్టలు ఒకదానిపై నొకటి పడి రాచుకొనుట తగ్గును, జాడింపును చెడును. ద్రవమైనచో మూతలోపల గీతలుండును. మూత నిండ పోయుటకు గాదు ఆ మూత. యంత్రమును కుక్కి కుక్కి నింపిన నీరు బట్టల మధ్యకు చేరదు. ఇంట గజ్జి తామరలవంటి చర్మబాధ గలవారున్నచో మరియొక జాడింపునకైన మీటను నొక్కుడు.

ఇపుడు సున్నితమైన చర్మము మాట. మన చర్మము సహజముగ కొంచెము ఆమ్లగుణము గలది, దాని పి.హెచ్. 5 ప్రాంతమున నుండును. ఉదుకు పొడి కలిపిన నీరు సాధారణముగ 10 పైబడి యుండును. ఆ క్షారము చర్మముపై నుండు జిడ్డును కడిగివేయును. చర్మము పగులును, మండును. ఇది ఎవరికైనను కలుగును, ద్రవ్యము హెచ్చిన కొలది హెచ్చును. పడని వస్తువు తగిలిన రవ్వంతకే దద్దురు లేచుట వేఱొక జాతి బాధ. మొదటిది తఱచు, రెండవది అరుదు. అమెరికాలో చర్మవైద్యులు కొందఱు కలిసి 738 మంది రోగులను పరీక్షించి 2002లో ప్రకటించిన దానినిబట్టి, ఉదుకు పొడియే నిజముగ పడనివారు నూటికి ఒక్కరుకంటెను తక్కువ. కావున దద్దురు లేవగనే పొడి పేరు మార్చుటకు ముందు కొలత తగ్గించి, జాడింపు పెంచి చూచుట మేలు.

అయినను ఎన్నిక యనవసరమని మా అభిప్రాయము గాదు. పడనితనమునకు తఱచుగ కారణమగునవి రెండు. మొదటిది పరిమళము. సువాసన కలుపనిది వేఱు, వాసన తెలియనిది వేఱు. రెండవదానిలో మూలపు వాసనను కప్పుటకు వేఱొక పరిమళము కలిపియుండవచ్చును. పిల్లల బట్టలకు పరిమళము కలుపని దానినే కొనుడు. బట్ట మెత్తబడుటకై చివర పోయు సువాసన ద్రవమును మానుడు, అది తువ్వాలు నీరు పీల్చు శక్తిని గూడ తగ్గించును. రెండవది, ద్రవములు చెడకుండ కలుపు మిథైల్ ఐసోథయాజోలినోన్ అను మందు. అమెరికాలోని స్పర్శజన్య చర్మవ్యాధుల వైద్యసంఘము 2013లో దీనిని ఆ సంవత్సరపు ముఖ్యమైన పడనివస్తువుగా ప్రకటించినది. ఐరోపాలో 2017నుండి, ఒంటికి రాచి యట్లే విడుచు లేపనములలో దీనిని నిషేధించిరి. పొడి తడిలేనిది గావున దానికి ఇట్టి మందుతో అవసరము లేదు. డబ్బాపై దినుసుల పేర్లు పూర్తిగా లేనపుడు ద్రవముకంటె పొడియే మేలనుటకు మాకు ఇది యొక కారణము. పేరైనను లేని సంచిలో విడిగా తూచి యిచ్చు పొడిని మాత్రము పసిపిల్లల బట్టలకు ముట్టకుడు.

ఎంజైములను గూర్చి ఒక భయము కలదు. అది పూర్తిగ గాలికి పుట్టినది గాదు. 1969లో లాన్సెట్ అను వైద్యపత్రికయందు ఫ్లింట్ అను వైద్యుడు, ఆ పొడులను తయారుచేయు కర్మాగారమున ధూళి పీల్చిన కార్మికులకు ఉబ్బసము కలిగిన సంగతిని ప్రకటించెను. పిమ్మట ఎంజైమును పైపూత గల గుళికలుగా జేయుట ప్రారంభించిరి. ఉదికిన బట్ట తొడుగువారి చర్మమునకు ఎంజైమువలన ప్రత్యేకమైన కీడున్నట్లు పరిశోధనలలో తేలలేదు. మనము చేయవలసినది పొడిని ఎత్తునుండి కుమ్మరింపక, ముఖము దూరముగ నుంచి, నీటికి దగ్గఱగా జాఱవిడుచుట. పట్టునకును, ఉన్నికిని మాత్రము ఎంజైము శత్రువు. అవియు మాంసకృత్తులే గదా, వానిని కొఱికివేయును. గద్వాల, ధర్మవరము చీరలను ఎంజైము పొడిలో నానబెట్టినవాడు దాని విలువ చెల్లించుకొనవలసినదే. వానికి కుంకుడు రసమో, క్షారము లేని మెత్తని ద్రవమో చాలును. కుంకుడు ప్రకృతిసిద్ధము గనుక ఎంతయైనను వాడవచ్చు ననుకొనకుడు. కంటబడిన దాని సంగతి తలంటి పోసికొన్న వారందఱును ఎఱుగుదురు.

సోదరులారా! మన గౌరవమునకు సంబంధించిన మాట ఒకటి ఇచట చెప్పక తప్పదు. తొడల మూలలందు పుట్టు తామరకు ఆంగ్లేయులు "ధోబీ దురద" అని పేరు పెట్టిరి. నేటికిని ఆ పేరు ఆంగ్ల పుస్తకములలో కనబడుచున్నది. ఆ జబ్బు బూజుజాతి సూక్ష్మజీవివలన కలుగును. చెమట, తడి, బిగుతైన బట్ట, ఒకరి తువ్వాలు మఱియొకరు వాడుట దానికి పుట్టినిండ్లు. చాకలి కులమును జబ్బు పేరుగా చేయుట అన్యాయము. అయినను అన్యాయమని చెప్పి ఊరకుండిన చాలదు. చన్నీటిలో ఆ సూక్ష్మజీవి పూర్తిగ చావకపోవచ్చును గావున తామర గలవారి లోబట్టలను, తువ్వాళ్ళను వేఱుగా 60 డిగ్రీల వేడినీటిలో ఉదికి, తడి లేశమైనను లేకుండ ఎండలో ఆఱవేయుట మన పని. వైద్యుని చూడక మందుల దుకాణములో కలగాపులగపు లేపనములు కొని పూసి ఆ జబ్బును ముదురబెట్టుకొనకుండుట బట్టల యజమానుల పని.

రెండవ నింద వేఱు రకమైనది. అందులో మన పాలు కొంత కలదు. 1943లో, యుద్ధకాలమున, ఈ దేశమున నున్న అమెరికా సైనికుల మెడలపై పుండ్లు లేచుటను వారి వైద్యులు పరిశోధించి, బట్టలపై గుర్తు వేయుటకు మనవారు వాడు నల్లజీడి గింజ రసమే దానికి కారణమని తేల్చిరి. ఆ రసము ఉదుకులకు పోని గుర్తే. చర్మమునకు మాత్రము అగ్గి. ఎవరైన నేటికిని వాడుచున్నచో నేటితో మానుడు. గుర్తు దారము కుట్టవచ్చును, సిరాతో చీటీ కట్టవచ్చును.

దద్దురు ఎక్కడ లేచినదో చూచినచో కారణము కొంత తెలియును. చేతులపై మాత్రమే యున్నచో ఉదుకు నీరు అనుమానింపదగినది. నడుమున పట్టీవలె నున్నచో లోదుస్తుల రబ్బరు. చంక ముడుతలకు చుట్టును, బట్ట రాచుకొను చోటులందును ఉన్నచో బట్ట రంగో, శేషించిన పొడియో. కొత్తబట్టలపై మడత పడకుండుటకు పూయు మందులుండును గావున తొడుగుటకు ముందొకసారి ఉదుకుట మంచిది. జాడింపు నీటిలో క్రిమిసంహారక ద్రవము కలుపు అలవాటు చాలయిండ్ల గలదు. పసివాని చర్మము మండుటకు అదియు చాలును. ఇన్నియు చూచినను తగ్గనిచో చర్మవైద్యుని యొద్ద పట్టీల పరీక్ష చేయించుకొనవలెను. మేము చెప్పునది ఉదుకువాని మాట, వైద్యుని మాట గాదు.

దాతల బిడ్డల చర్మమును గూర్చి ఇంతసేపు చెప్పితిమి. ఉదుకు చేతులను గూర్చి ఎవరు చెప్పుదురు? మా తల్లిగారి వేళ్ళ సందులు ఏడాది పొడవునను పాసియుండెడివి. అన్నము కలుపుకొనునపుడు ఉప్పు కారము తగిలి ఆమె ఎడమచేత గిన్నెను ఒడిసిపట్టుట మాకు కన్నుల గట్టినట్లున్నది. చెంచాతో తినుమన్న, "నవ్వుదురు" అనెడిది. ఆ పొడిని ఆమె పొట్టిచేతితో నీటిలో కలిపెడిది, ఒక కఱ్ఱతో కలుపవలెనని మాకెవరికిని తోచలేదు. తల్లులారా, చెల్లెండ్రారా! పొడిని కఱ్ఱతో కలిపి కరిగిన పిదపనే చేయి పెట్టుడు. లోపల నూలు తొడుగు వేసి పైన రబ్బరు తొడుగు వేసికొనుడు. లోపల తడిసినచో వెంటనే తీసివేయుడు, తడి తొడుగు ఒట్టి చేతికంటె చెఱుపు. బండ దగ్గఱ తొడుగు జాఱునందురు, నిజమే. నానబెట్టునపుడును, కలుపునపుడును వేసికొన్నను సగము మేలు. ఉంగరములు తీసి పెట్టుడు. వాని క్రింద పొడినీరు నిలిచి మొదట అక్కడనే పుండగును. పని ముగియగనే మంచినీట కడిగి, వేళ్ళ సందులు ఒత్తి తుడిచి, వేజ్‌లీనో కొబ్బరినూనెయో రాయుడు. చీము పట్టినను, నెలదినములకు తగ్గకున్నను వైద్యుని చూడుడు.

దాతలకు ఒక విన్నపము. మీ యింట గజ్జి గల పిల్లవాడున్నచో బట్టలు వేయునపుడే మాకు చెప్పుడు. వానిని వేఱుగ నుదికి మూడుసార్లు జాడింతుము. మూడవ జాడింపునకు నీరు కొనవలెను, ఒక మనిషి మరి పావుగంట వంగవలెను. కూలి కొంచెము హెచ్చిన మాతో బేరమాడకుడు. మేము మొదట చెప్పిన ఆ పిల్లవాని ఇంటివారు బేరమాడలేదు. చెంచా కొలత మొదలిడిన తరువాత అతని మెడ తేటపడుటకు మూడు వారములు పట్టినది. చంకలలో మాత్రము చొక్కా రంగు పడక పోవుటవలన బాధ యుండెనని పిదప వైద్యుడు తేల్చెను. మాకు మెడ వఱకే పేరు దక్కినది.

సభామండప ద్వారము కుడివైపున బల్లపై చెంచాలు, త్రాసు, కొన్ని సీసాలు, ఒంటిసబ్బు తురుము ఉంచితిమి. తమ బోరునీటిని తెచ్చినవారు భోజనానంతరము రావలెను. వారి యెదుటనే కుదిపి చూపుదుము. తమ పిడికిలిని తూచుకొనగోరువారు ఇప్పుడే రావచ్చును.